పిల్లల నోటికి పాట చేర్చిన టీచరమ్మ: రూత్ క్రాఫర్డ్ సీగర్ జీవితం

ఇలాంటి సంచికల్లో మన పెద్దల జీవితాలు రాసుకోవడం ఆనవాయితీ. ఈసారి నేను సముద్రాల అవతలి ఒక పాటల టీచరమ్మ గురించి రాస్తున్నాను. ఆమె గిరిజనురాలు కాదు. మన కొండల పేరు కూడా విని ఉండరు. అయినా రాయడానికి కారణం ఉంది. పల్లెల్లో ఎవరో పాడిన పాటను యంత్రం పట్టింది. ఆ యంత్రంలోంచి పాటను కాగితం మీదికి తెచ్చి, కాగితం మీది నుంచి మళ్లీ నాలుగేళ్ల పిల్లల నోట్లోకి చేర్చిన మనిషి ఆమె. రికార్డు చేయడం, రాసి అచ్చు వేయడం మన దగ్గరా అంతో ఇంతో జరుగుతున్నాయి. ఆ మూడో పనే సరిగా జరగడం లేదు. అందుకే ఈ జీవితం మనకు అవసరం అనిపించింది.

రూత్ క్రాఫర్డ్ 1901 జూలై 3న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఈస్ట్ లివర్‌పూల్‌లో పుట్టారు. తండ్రి మెథడిస్టు చర్చి పాస్టరు. చర్చి ఎక్కడికి పంపితే కుటుంబం అక్కడికి మారేది. చివరికి ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో స్థిరపడ్డారు. 1914లో క్షయతో తండ్రి పోయారు, అప్పటికి రూత్‌కు పదమూడేళ్లు. తల్లి క్లారా ఇంట్లోనే అద్దెకు గదులిచ్చి, భోజనాలు పెట్టి పిల్లల్ని సాకారు. రూత్ చిన్నప్పుడే పియానో నేర్చుకున్నారు. హైస్కూలు అయ్యాక అదే ఊళ్లో ఒక సంగీత పాఠశాలలో చిన్నపిల్లలకు పియానో చెప్పడం మొదలుపెట్టారు. అంటే ఆమె మొదటి ఉద్యోగమే టీచరు ఉద్యోగం.

1921లో చికాగో వెళ్లారు. ఒక్క ఏడాది చదివి, టీచరు సర్టిఫికెట్ తీసుకుని వెనక్కి రావాలని ఇంట్లో అనుకున్నారు. ఆమె తిరిగి రాలేదు. సంగీతం రాయడం నేర్చుకున్నారు. చెవికి కొంచెం కటువుగా ఉండే కొత్త తరహా సంగీతం అది. ఆ రోజుల్లో ఆడవాళ్లు సంగీతం వాయిస్తారు, నేర్పుతారు గానీ రాయరని అందరి నమ్మకం. ఖర్చుల కోసం పియానో పాఠాలు చెబుతూ ఉండగా ప్రసిద్ధ కవి కార్ల్ శాండ్‌బర్గ్ కుమార్తెలకు నేర్పే అవకాశం వచ్చింది. ఆమెకు జానపదం దారి చూపించింది ఆ ఇల్లే.

శాండ్‌బర్గ్ ఊరూరా తిరిగి కవిత్వం చదివేవారు. సభ చివర గిటారు అందుకుని, కూలీలు, పశువుల కాపర్లు, రైలు పనివాళ్లు పాడుకునే పాటలు పాడేవారు. ఆయన పెద్ద విద్వాంసుడేమీ కాదు, రెండు మూడు కార్డులు పట్టుకుంటే చాలనుకునే రకం. సభలో వాళ్లు గొంతు కలిపేవారు, కొందరు తమ ఊరి పాట తెచ్చి ఇచ్చేవారు. అలా పోగైనవాటిలోంచి 280 పాటలతో 1927లో ది అమెరికన్ సాంగ్‌బ్యాగ్ అనే లావుపాటి పుస్తకం వేశారు. పాటల సంచి అన్నమాట. అందులో కొన్ని పాటలకు పియానో సహకారం రాసింది ఇరవయ్యారేళ్ల రూత్. అప్పటికి ఆమెకు అది పక్క పని మాత్రమే.

1929లో న్యూయార్క్ వెళ్లి చార్లెస్ సీగర్ అనే సంగీత పండితుడి దగ్గర శిష్యరికం చేశారు. ఆడవాళ్లు గొప్ప సంగీతం రాయగలరా అన్న సందేహం మొదట్లో ఆయనకూ ఉండేది. రూత్ పని చూశాక పోయింది. 1930లో సంగీత రచనకు గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది. ఈ రంగంలో అది అందుకున్న మొదటి మహిళ ఆమె. ఆ డబ్బుతో బెర్లిన్, పారిస్‌లలో ఉన్నారు. 1931లో రాసిన స్ట్రింగ్ క్వార్టెట్‌ను, అంటే నాలుగు తీగవాయిద్యాల రచనను, సంగీత కళాశాలల్లో ఈనాటికీ పాఠంగా చెబుతున్నారు. 1932లో చార్లెస్‌ను పెళ్లి చేసుకున్నారు. 1933లో మైక్, 1935లో పెగ్గీ, 1937లో బార్బరా, 1943లో పెన్నీ పుట్టారు. చార్లెస్ మొదటి భార్య కొడుకుల్లో చిన్నవాడు పీట్. తర్వాత ప్రపంచమంతా తిరిగి వేలమంది చేత ఒక్క గొంతుతో పాడించిన పీట్ సీగర్ అతనే.

పెళ్లయ్యాక రూత్ సొంత సంగీతం రాయడం దాదాపు ఆగిపోయింది. దీని మీద పరిశోధకులు చాలా రాశారు. సంసారమే ఆమె ప్రతిభను మింగేసిందన్నది ఒక వాదన. ఆడదాన్ని, ఉద్యోగస్తురాలిని కాబట్టి ఆ మాటలో నిజం నాకు తెలుసు. అయితే ఆమె చేసిన రెండో పనిని తక్కువ చేసి చూడటం నాకు నచ్చదు. పెద్ద హాల్లో కూర్చున్న నాలుగొందల మంది కోసం రాయడం ఎంత గొప్పో, బాలవాడీలో నేల మీద కూర్చున్న పిల్లల కోసం పాట ఏరి పెట్టడమూ అంతే గొప్ప.

అమెరికాలో ఉద్యోగాలు పోయి జనం అల్లాడుతున్న రోజులవి. 1930ల మధ్యలో చార్లెస్‌కు వాషింగ్టన్‌లో ప్రభుత్వ ఉద్యోగం దొరికింది. నిర్వాసితులైన పేద కుటుంబాల కోసం కట్టిన కొత్త కాలనీల్లోకి సంగీతం తెలిసినవాళ్లను పంపి, జనం చేత కలిసి పాడించడం ఆ శాఖ పనుల్లో ఒకటి. అక్కడికి పట్నం సంగీతం తీసుకుపోతే జనం ముఖం తిప్పుకున్నారు, వాళ్ల పాటలే వాళ్లతో పాడిస్తే కదిలారు. చార్లెస్, రూత్ ఇద్దరి ఆలోచనా అక్కడ మారింది. 1936లో ఆషెవిల్‌లో కొండ ప్రాంత జానపద ఉత్సవానికి వెళ్తూ పదిహేడేళ్ల పీట్‌ను వెంట తీసుకెళ్లారు. ఐదు తీగల బాంజోను అతను మనసు పెట్టి విన్నది అక్కడే.

అదే నగరంలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉంది. అందులో 1928లో జానపద గేయాల భాండాగారం ఒకటి పెట్టారు. జాన్ లోమాక్స్, ఆయన కొడుకు ఆలన్ సుమారు 140 కిలోల రికార్డింగు యంత్రాన్ని కారు వెనక వేసుకుని దక్షిణాది రాష్ట్రాల్లో పొలాలు, చర్చిలు, జైళ్లు తిరిగారు. నల్లజాతి ఖైదీలు, కొండ రైతులు, గని పనివాళ్లు పాడిన పాటలను పళ్లేల మీద గీసుకొచ్చారు. వాటిని పుస్తకంగా వేయాలంటే ఎవరో ఒకరు విని స్వరం రాయాలి. ఆ పని రూత్‌కు అప్పగించారు. అలా 1941లో అవర్ సింగింగ్ కంట్రీ వచ్చింది.

ఈ పని ఎలా చేశారో కొంచెం వివరంగా చెప్పాలి. ఆమె ఒక్కో పాటను పదులసార్లు విన్నారు. పళ్లెం అరిగిపోకుండా ముల్లుతో చేసిన సూది పెట్టేవారు. ఆ ముల్లుకు పదును పెట్టడం పిల్లల పని. పాడినవాళ్లు పియానో మెట్ల మధ్య పడే స్వరాలు పలుకుతారు. ఒక చరణంలో ఒకలా, ఇంకో చరణంలో ఇంకోలా తిప్పుతారు. ఊపిరి కోసం తాళాన్ని అర మాత్ర సాగదీస్తారు. చదువుకున్న సంగీతగాళ్లు వీటిని తప్పులనుకుని సరిదిద్ది రాసేవారు. రూత్ సరిదిద్దలేదు. అవి తప్పులు కావు, ఆ పాట తీరే అది అని నమ్మి ఉన్నది ఉన్నట్టు రాయాలని పట్టుబట్టారు. పుస్తకం ఆలస్యమవుతోందని లోమాక్స్‌లు విసుక్కున్నా ఆమె తొందరపడలేదు. ఈ అనుభవం అంతా పెట్టి ముందుమాటగా పెద్ద వ్యాసం రాస్తే మరీ పొడుగైందని అచ్చు వేయలేదు, చిన్న ముందుమాటతో సరిపెట్టారు. ఆ పెద్ద వ్యాసం 2001లో గానీ పుస్తకంగా వెలువడలేదు. అప్పటికి ఆమె పోయి 48 ఏళ్లు.

మన థింసా పాట విన్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. తుడుము, కిరిడి, మోరి మోగుతుంటే ఆడవాళ్ల వరస చివర పాదాన్ని సాగదీసి, తర్వాతి పాదం ఎత్తుకునేది ఒకే అచ్చులో ఉండదు. హార్మోనియం మెట్లకు సర్ది నేర్పితే పాట మిగులుతుంది గానీ ఊరు మిగలదు.

రూత్ పిల్లలు ఆ పళ్లేల మధ్యే పెరిగారు. అమ్మ ఒకే పాటను మళ్లీ మళ్లీ వేస్తుంటే పక్క గదిలో ఆడుకునే పిల్లలకు అది ఎవరూ చెప్పకుండానే వచ్చేసింది. జైల్లో గొడ్డలి దెబ్బకు లయగా పాడిన పాట, తాతమ్మ ఊయల పాట, రెండూ వాళ్లకు ఇంటి పాటలే. ఇది చూశాకే రూత్‌కు అసలు దారి దొరికిందని నా అభిప్రాయం.

1941లో వాళ్లు ఉంటున్న సిల్వర్ స్ప్రింగ్‌లో తల్లులే వంతులవారీగా నడుపుకునే ఒక సహకార నర్సరీ బడి ఉండేది. బార్బరా అక్కడ చదివేది. రూత్ వంతు పాటలు. పిల్లల మధ్య కూర్చుని లోమాక్స్ రికార్డుల పాటలు ఒక్కొక్కటి పాడి చూశారు. ఏది అందుకున్నారు, ఏది వదిలేశారు, ఏ పాటకు లేచి గెంతారు అన్నీ గమనించి రాసుకున్నారు. ఏడేళ్ల తర్వాత, 1948లో, అమెరికన్ ఫోక్ సాంగ్స్ ఫర్ చిల్డ్రన్ వచ్చింది. సుమారు 90 పాటలు, బార్బరా కూనీ బొమ్మలు. ఇంట్లో, బడిలో, నర్సరీలో వాడుకోవడానికని అట్ట మీదే రాశారు.

ట్రైనింగులో మాకు అభినయ గేయాలు నేర్పారు. ఇటు తిరిగితే చేయి ఇలా, అటు తిరిగితే అలా అని అన్నీ ముందే తేల్చి చెప్పేవారు. రూత్ పుస్తకం దానికి నేరుగా ఎదురు. పాట కింద సూచనలుంటాయి గానీ ఆజ్ఞలుండవు. ఎర్ర గౌను వేసుకున్న మేరీ గురించి ఒక చిన్న పాట ఉంది. అందులో మేరీ పేరు తీసి ఎదురుగా ఉన్న పిల్ల పేరు పెట్టాలి, గౌను రంగు ఆ పిల్ల బట్టల రంగు కావాలి. వరసలో ఉన్న ప్రతి పిల్లకూ తన చరణం ఒకటి వస్తుంది. పాట ముప్పై మందికీ సరిపోతుంది, నోరు విప్పని పిల్ల కూడా తన వంతు కోసం ఎదురు చూస్తుంది. చేతులు కడుక్కునేటప్పుడు, బొమ్మలు సర్దేటప్పుడు, నడిచేటప్పుడు ఏ పాట పనికొస్తుందో వెతుక్కునేందుకు వెనకాల సూచిక కూడా ఇచ్చారు.

గుంపుగా పాడించడం గురించి ముందుమాటలో ఆమె చెప్పినవి కొన్ని నా మాటల్లో చెబుతాను. పాట మొదలయ్యాక ఆగకూడదు. చరణానికీ చరణానికీ మధ్య ఎవరైనా తడబడినా తాళం నడుస్తూనే ఉండాలి, వాళ్లే వచ్చి కలుస్తారు. చివర్లో మెల్లగా సాగదీసి ముగించే నాటకం వద్దు, పల్లెలో ఎవరూ అలా పాడరు. గొంతులో లేని భావం తెచ్చిపెట్టుకోవద్దు. పిల్లలు మాట మారిస్తే మారనివ్వాలి. పాట అలాగే ఇంతదూరం వచ్చింది.

వాయిద్యం గురించి కూడా ఆమెకు గట్టి అభిప్రాయాలున్నాయి. ముందు ఏ వాయిద్యమూ లేకుండా పాడితే చాలు. పియానో ఉంటే దాన్ని ఫిడేలులా, బాంజోలా తేలిగ్గా, లయ తెగకుండా వాయించాలి. అందుకే ఆమె రాసిన పియానో భాగాలు పల్చగా ఉంటాయి, పాట మీద బరువు వేయవు. పియానో లేని ఇళ్లలో గిటారు వాయించుకునేందుకు స్వరాల పైన కార్డుల అక్షరాలు వేశారు. ఇలాంటి పాటలకు చాలావరకు రెండు మూడు కార్డులు చాలు. జీ, సీ, డీ వచ్చినవాళ్లు సగం పుస్తకం లాగించేయొచ్చు. కుడిచేతి బొటనవేలితో మంద్ర తీగను తాళానికి మీటుతూ, మిగతా వేళ్లతో పై తీగలు మీటితే డప్పు, శ్రుతి రెండూ ఒక్క గిటారులోనే వచ్చేస్తాయి. ఐదు స్వరాల పాటలకు మాత్రం కార్డు ఎక్కువ మారిస్తే పాట రంగు మారిపోతుంది. ఒక్క కార్డు పట్టుకుని మీటుతూ ఉండటమే మేలు.

మా హాస్టల్లో ఒక గిటారు ఉంది, ఇంటర్ పూర్తి చేసి వెళ్లిన ఒక అమ్మాయి వదిలేసింది. ఆదివారాలు పిల్లలు సినిమా పాటలే వాయిస్తారు. కువి, కొండదొర, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలు ఒకే గదిలో ఉంటారు. ఒకరి పాట ఒకరికి తెలియదు. తమ భాష పాట పక్కవాళ్ల ముందు ఎత్తడానికి మూడో తరగతి పిల్ల సిగ్గుపడుతుంది. పేరు మార్చుకుంటూ పాడే పద్ధతిలో ఒక సవర పాట మొదలుపెడితే రెండు వారాల్లో మిగతావాళ్లు అందుకున్నారు. గిటారు మీద ఒక్క కార్డే మోగింది. ఎవరికీ లోటు అనిపించలేదు.

1940ల చివర్లో సీగర్ల ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో సీగర్ల అమ్మాయి తప్పిపోయింది. అక్కడ బొమ్మలు అమ్మే ఎలిజబెత్ కాటన్ అనే నల్లజాతి మహిళ ఆ పిల్లను పట్టుకొచ్చి తల్లికి అప్పగించారు. ఆ పరిచయంతో ఆమె సీగర్ల ఇంట్లో వంటపనికి కుదిరారు. పిల్లలు ఆమెను లిబ్బా అనేవారు. కొన్నేళ్ల తర్వాత ఒకరోజు గోడకు వేలాడే గిటారు తీసి ఆమె వాయిస్తుంటే పెగ్గీ చూసింది. లిబ్బాది ఎడమచేతి వాటం. తీగలు మార్చకుండా గిటారునే తలకిందులుగా పట్టుకునేవారు. అందరూ బొటనవేలితో మీటే మంద్ర తీగలను ఆమె వేళ్లతోనూ, పాట నడిచే తీగలను బొటనవేలితోనూ మీటేవారు. ఫ్రైట్ ట్రెయిన్ అనే పాటను చిన్నపిల్లగా ఉన్నప్పుడే కట్టారు. పెళ్లి, చర్చి, పని బరువులో గిటారు వదిలేసి దశాబ్దాలు అయింది.

జానపద పాటల కోసం దేశమంతా వెతికిన కుటుంబం వంటింట్లోనే ఇంత పెద్ద గాయని ఉన్న సంగతి అంతకాలం తెలియకపోవడం ఆలోచించాల్సిన విషయం. ఆ తర్వాత కథ ఇంకా చేదు. పెగ్గీ ఇంగ్లండ్‌లో ఆ పాట పాడితే అక్కడ వేరేవాళ్లు తమ పేర రాయించుకున్నారు. 1957లో అక్కడ అది పెద్ద హిట్టు. గొడవపడ్డాక గానీ లిబ్బాకు పేరు దక్కలేదు. 1958లో మైక్ ఆమె పాటలను ఇంట్లోనే రికార్డు చేసి ఫోక్‌వేస్ సంస్థ ద్వారా తెచ్చాడు. అరవై దాటాక వేదిక ఎక్కిన ఆమె 1985లో గ్రామీ అవార్డు అందుకున్నారు. మన పాట ఎవరో సినిమాలో పెట్టి సేకరణ అని ఒక ముక్క వేసి వదిలేసినప్పుడల్లా నాకు లిబ్బా గుర్తొస్తారు.

మన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయారు. సమ్మక్క సారలమ్మ కథను కోయలో, తెలుగులో ఆయన పాడినది రికార్డుల్లో కొంత ఉంది. దాన్ని మాత్ర మాత్రగా కూర్చుని వినే రూత్ ఎవరు, పిల్లలకు అందేలా చిన్న చిన్న ముక్కలుగా ఏరేది ఎవరు అన్న ప్రశ్న మన సంఘం ముందు ఉంది. బీఈడీ చేసిన గిరిజన ఆడపిల్లలు ఇప్పుడు ప్రతి మండలంలో ఉన్నారు కదా.

రూత్ ఆ తర్వాత 1950లో జంతువుల పాటల పుస్తకం, 1953లో క్రిస్మస్ పాటల పుస్తకం తెచ్చారు. పగలు పియానో పాఠాలు, బడి, ఇల్లు. పుస్తకాల పని రాత్రిళ్లు. పిల్లలు ఎదిగాక తన సంగీతం మళ్లీ రాయాలన్న ఆశ తీరుతున్నట్టే కనిపించింది. 1952లో ఐదు గాలివాయిద్యాల కోసం ఒక రచన పూర్తి చేశారు. ఇరవై ఏళ్ల కిందటి పదును అందులో అలాగే ఉందంటారు తెలిసినవాళ్లు. మరుసటి ఏడాదే పేగు క్యాన్సర్ బయటపడింది. 1953 నవంబరు 18న మేరీలాండ్‌లోని చెవీ చేజ్‌లో, ఇంట్లోనే చనిపోయారు. వయసు 52. చిన్న కూతురు పెన్నీకి పదేళ్లు. క్రిస్మస్ పాటల పుస్తకం ఆ ఏడాదే వచ్చింది.

పిల్లలు ఎవరికి వారు ఆ పాటల్లోనే స్థిరపడ్డారు. మైక్ కొండ ప్రాంతాల పాత సంగీతం పట్టుకుని జీవితమంతా తిరిగాడు. పెగ్గీ ఇంగ్లండ్‌లో గాయని అయింది. 1977లో ఇద్దరూ కలిసి అమ్మ పిల్లల పాటల పుస్తకాన్ని మొత్తంగా పాడి రికార్డులు వేశారు. గిటారు, బాంజో, ఫిడేలు ఉన్నాయి. కొన్నింటిలో ఏమీ లేవు, ఉత్త గొంతే.